జంగమమును స్థావరము చేయవచ్చునా?

వన్యప్రాణిని పట్టి తెచ్చి, కడుపునిండ మేపి, బిడ్డవలె చూచుకొనుట దయయగునా? పైకి చిన్నదిగా తోచినను, దయయే ధర్మమునకు మూలమని బోధించిన బసవేశ్వరుని మార్గమున నడచు మనము తప్పక విచారింపవలసిన ప్రశ్న ఇది.

దూరదేశములలో కొందరు సాలమాండరులను, అనగా బల్లి ఆకారమును తడి చర్మమును గల ఉభయచరములను, తొట్లలో పెంచుకొందురు. అవి మన తెలుగునాట లేవు. కొత్తవలస ప్రాంతమువారికి ఈ ప్రశ్న నక్షత్ర తాబేలు రూపమున ఎదురగుచున్నది. నల్లని పెంకుపై పసుపు గీతలు చుక్కల కిరణములవలె వ్యాపించిన ఈ ప్రాణి ఇంటనున్నచో సిరి నిలుచునని కొందరి నమ్మకము. శ్రీకాకుళము చెంతనున్న శ్రీకూర్మ క్షేత్రమున వీనిని చిరకాలముగా పోషించుచు వచ్చుటచే, ఇచ్చట తాబేలునెడ భక్తియు మెండు.

ముందుగా చట్టము మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, రక్షిత ప్రాణిని చంపుటయే కాదు, పట్టుటయు వేటయే. 2022 నాటి సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి రాగా, నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలున చేరినది. ఆ షెడ్యూలు ప్రాణుల విషయమున నేరము రుజువైనచో మూడేండ్లకు తగ్గక ఏడేండ్ల వరకు కారాగారశిక్షయు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానాయు కలవు. అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించు సైటీస్ ఒడంబడికయు 2019లో దీనిని మొదటి అనుబంధమున చేర్చినది. కొనువాడు లేనిచో పట్టువాడు లేడు.

అయినను శిక్షకు వెరచి మానుట వేరు, వివేకముతో మానుట వేరు. ఈ తాబేలు పొడినేలలందు, పొదలనడుమ గడ్డియు ఆకులును మేయుచు దశాబ్దములు జీవించును. ఎండ తగలని గదిలో ఉంచినచో పెంకు మెత్తబడును. ఎడతెగని తడిలో ఊపిరితిత్తుల వ్యాధి కలుగును. అది బాధను మొరపెట్టుకొనలేదు. మొర వినబడనంత మాత్రమున బాధ లేదనుట దయ కాదు.

“ఎద్దును కట్టివేయుట లేదా?” అని కొందరడుగుదురు. ఎద్దు వేల ఏండ్లుగా మనుష్యునితో కలిసి బ్రదికినది. దాని కాయకమునకు బదులుగా మేతయు నీడయు ఇచ్చుట మన ఋణము. అడవిప్రాణి మననుండి ఏమియు కోరలేదు. దానిని ఇంటికి తెచ్చుట మన ముచ్చటకొరకే. ముచ్చటకు దయయని పేరు పెట్టుకొనరాదు.

రాతి పామును పూజించి, ప్రాణమున్న పామును కొట్టువారి వైరుధ్యమును బసవేశ్వరుడు ఎత్తిచూపెను. కూర్మమును దైవమని కొలిచి, సజీవ కూర్మమును సిరికొరకు తొట్టిలో బంధించుటయు అట్టిదే కాదా? వీరశైవమున జంగమ శబ్దమునకు గల పరమార్థము వేరైనను, కదలునట్టి చైతన్యమును గౌరవింపుమను బోధ అందు కలదు. స్వేచ్ఛగా చరించుదానిని మూలన కూర్చుండబెట్టుట జంగమమును స్థావరము చేయుటయే. సిరి కాయకమువలన వచ్చును, దాసోహమువలన సార్థకమగును, తాబేలువలన రాదు.

ఇప్పటికే ఇంటనున్నచో ఏమి చేయవలెను? భయపడి చీకటివేళ చెరువులో విడుచుట ఘోరమైన పొరపాటు. ఇది నేలతాబేలు, నీటిలో మునిగి చచ్చును. కొండలలో విడుచుటయు తగదు. ఇంటనుండి సోకిన రోగము అచ్చటి ప్రాణులకు అంటవచ్చును. ఇట్టి ప్రాణి ఏ విధముగనైనను చేతికి వచ్చినచో 48 గంటలలో పోలీసుఠాణాకు గాని, అధికారము గల అటవీ అధికారికి గాని తెలుపవలెనని చట్టము చెప్పుచున్నది. ఆలస్యమైనవారును దాచుటకంటె, తెలిసిన న్యాయవాది సలహాతో అటవీశాఖకు అప్పగించుటయే మేలు.

ఈ విషయమున మన మఠములు చేయదగిన సేవ కలదు. సిరి నమ్మకము నిరాధారమని పర్వదినములందు ఉపదేశింపవచ్చును. భయముతో వెనుదీయు కుటుంబమునకు తోడుగా ఒక పెద్దను కార్యాలయమునకు పంపవచ్చును. పెంచుకొన్న పిల్లలు కంటతడి పెట్టుదురు. ఆ కన్నీటిని కసరక, ప్రేమించినదానిని దాని మేలుకొరకు విడుచుటయే దయయని వారికి నేర్పుదము.

శరణు శరణార్థి.