ఐదు షిల్లింగుల సూప్

వైన్ టేస్టింగ్‌కి మొదటిసారి వెళ్ళే తెలుగువాళ్ళని ఇబ్బంది పెట్టేది వైను కాదు, బల్ల మధ్యలో పెట్టే చిన్న బకెట్. గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, ఒక గుక్క పుక్కిట పట్టాలి, ఆ తర్వాత అందులో ఉమ్మేయాలి. ఆరేడు రకాలు వరసగా రుచి చూడాలంటే మింగుతూ పోతే కుదరదు, మూడో గ్లాసుకే నాలుక, బుర్ర రెండూ మొద్దుబారతాయి. లెక్క ప్రకారం సబబే. కానీ కింద పడ్డ మెతుకు ఏరి కళ్ళకద్దుకునే ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళం, విస్తట్లో వదిలేస్తే తిట్లు తిన్నవాళ్ళం. బాగోకపోతే ఉమ్మేయడం మనకి తెలుసు. బాగుందో లేదో తెలుసుకోడానికి నోట్లో పోసుకుని, బాగుందని తెలిశాక ఉమ్మేయడం ఏమిటి?

ఆ బకెట్ ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్తుంది. రుచి చూడటం వేరు, తినటం వేరు. రుచి చూసేవాడికి ఆ పదార్థంతో అవసరం తీరిపోయి ఉండాలి. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్ళు అన్నది ఇందుకే. ఐరిష్ భాషలో దీనికి సరిగ్గా ఎదురు నిలబడే సామెత ఒకటుంది. ఆకలే మంచి ఆదరువు అని దాని అర్థం. ఒకరేమో ఆకలి ఉన్నచోట రుచికి చోటు లేదంటారు, ఇంకొకరు ఆకలి వల్లే రుచి అంటారు. రెండూ కడుపు మాడినవాళ్ళ భాషలే. ఎవరిది నిజం?

ఐర్లండ్‌లో కూర్చుని భోజనం చేసేటప్పుడు ఇది ఊరికే సామెతల తగువు కాదు. 1841లో ఆ ద్వీపంలో 80 లక్షలకి పైగా జనం. 1845లో బంగాళాదుంపకి తెగులు పట్టుకుంది. 1852 వచ్చేసరికి పది లక్షలమంది పోయారు, ఇంకో పది లక్షలకి పైగా ఓడలెక్కి వెళ్ళిపోయారు. ద్వీపం మొత్తం జనాభా ఇప్పటికీ 1841 నాటి అంకెని చేరలేదు. ఇవాళ అదే నేలమీద కార్క్ ఇంగ్లీష్ మార్కెట్లో చీజ్ ముక్కలు రుచి చూపిస్తారు, గాల్వేలో ఆయిస్టర్ల పండగ చేస్తారు, డబ్లిన్ కెఫేల్లో కాఫీ గింజ ఏ దేశంలో, ఎంత ఎత్తులో పండిందో చీటీ మీద రాసిపెడతారు. ఇంత శ్రద్ధగా రుచి చూడటం ఆ చరిత్రని మర్చిపోవడమా, గెలవడమా?

వైన్ సంగతే చూడండి. ఐర్లండ్‌లో ద్రాక్షతోటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తాగేదంతా బయటినుంచి వచ్చేదే. ఒక మామూలు సీసా మీద ఎక్సైజ్ పన్నే 3.19 యూరోలు. నురగ వైనైతే రెట్టింపు. అయినా టేస్టింగుల్లో బోర్డో పేర్లు వస్తుంటే ఐరిష్‌వాళ్ళ ముఖాల్లో కొంచెం గర్వం కనపడుతుంది. దానికి కారణముంది. లించ్, బార్టన్ అన్నవి ఐరిష్ ఇంటిపేర్లు. 1691 ఓటమి తర్వాత సైనికులు యూరప్ సైన్యాల్లో చేరడానికి వెళ్ళిపోతే వాళ్ళని అడవి బాతులన్నారు. ఫ్రాన్స్ వెళ్ళి వైన్ వ్యాపారంలో స్థిరపడ్డ కుటుంబాలకి తర్వాత వైన్ బాతులని పేరొచ్చింది. తమ దేశంలో పండని ద్రాక్షకి తమ పేర్లు తగిలించుకున్న జాతి. వలసపోయినవాళ్ళకి ఈ రకం గర్వం కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ ఆనందాన్ని చులకన చెయ్యడం తేలిక. తడిసిన గులకరాయి వాసన వస్తోందని ఎవరో గ్లాసులో ముక్కుపెట్టి అంటుంటే నవ్వొస్తుంది, నిజమే. కానీ 1757లో డేవిడ్ హ్యూమ్ అభిరుచి గురించి వ్యాసం రాస్తూ డాన్ కిహోటే నుంచి ఒక కథ తెచ్చుకున్నాడు. ఇద్దరు పీపాలోని వైన్ రుచి చూస్తారు. ఒకడు బాగుంది గానీ తోలు వాసన తగులుతోందంటాడు, ఇంకొకడు బాగుంది గానీ ఇనుము తగులుతోందంటాడు. అందరూ వాళ్ళని ఎగతాళి చేస్తారు. పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున తోలు తాడు కట్టిన పాత తాళంచెవి. అంటే మంచి నాలుక గొప్పలు చెప్పుకునే పరికరం కాదు. అడుగున ఉన్నదాన్ని అందరికంటే ముందు పసిగట్టే పరికరం.

హ్యూమ్‌కి రెండేళ్ళ తర్వాత ఇదే విషయం మీద డబ్లిన్‌లో పుట్టిన ఎడ్మండ్ బర్క్ రాశాడు. ట్రినిటీ కాలేజీ గేటు దగ్గర ఉన్న విగ్రహాల్లో ఒకటి ఆయనదే. అక్కణ్ణుంచి గ్రాఫ్టన్ వీధిలోకి తిరిగితే కెఫేలు మొదలవుతాయి, 1927 నాటి బ్యూలీస్‌తో సహా. బర్క్ వాదన సరళంగా ఉంటుంది. వెనిగర్ పులుపని, తేనె తీపని, ముసాంబరం చేదని మనుషులందరూ ఒప్పుకుంటారు. అలవాట్లు మారొచ్చు గానీ నాలుక అందరికీ ఒకటే. నాకీ మాట ఇష్టం. పులుపు దగ్గర రాజూ పేదా లేరని పద్ధెనిమిదో శతాబ్దంలో ఒక మనిషి అనడం చిన్న విషయం కాదు. ఆయనే 1785లో పార్లమెంటులో నిలబడి, హైదర్ అలీ దాడి తర్వాత మన దక్షిణాదిలో కర్ణాటక ప్రాంతం ఎలా ఆకలితో మాడిందో వర్ణించి చెప్పాడు.

మళ్ళీ ఆయనే, పదేళ్ళకి, ఇంగ్లండ్‌లో ధాన్యం కరువొస్తే, జనానికి తిండి సమకూర్చడం ప్రభుత్వం పని కాదనీ, బజారుని బజారుకి వదిలేయమనీ రాశాడు. ఐర్లండ్ కరువులో లండన్ ట్రెజరీ నుంచి సహాయం పంచే పెత్తనం చార్లెస్ ట్రెవెల్యన్ చేతిలో ఉండింది. బర్క్ రాసిన ఆ పుస్తకాన్ని తన కింది అధికారులకి చదువుకోమని పంపాడాయన. ఈ ట్రెవెల్యన్ తర్వాత ఎక్కడ తేలాడో తెలుసా? 1859లో మద్రాసు గవర్నరుగా. అంటే గుంటూరు, గోదావరి, కడప జిల్లాలు కూడా ఆయన ఏలుబడిలోనే. నందన కరువు చూసిన ముసలివాళ్ళు గుంటూరులో అప్పటికింకా బతికే ఉండి ఉంటారు.

నాలుక అందరికీ ఒకటేనన్న మనిషి రాతలే నాలుకల్ని ఎండగట్టడానికి పనికొచ్చాయి. ఇది వైరుధ్యమని చెప్పి వదిలేయొచ్చు. నాకలా అనిపించదు. బర్క్ మాట్లాడింది రుచిని గుర్తించే శక్తి గురించి. ఆ శక్తి ఉన్నంత మాత్రాన రుచి చూసే అవకాశం అందరికీ దక్కాలా అన్న ప్రశ్న ఆయన అడగలేదు. ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో తెలియాలంటే 1847 ఏప్రిల్ 5న డబ్లిన్‌లో జరిగింది చూడాలి.

అలెక్సిస్ సోయర్ అని, అప్పటి లండన్‌లో పెద్ద పేరున్న ఫ్రెంచ్ షెఫ్. రిఫార్మ్ క్లబ్ వంటగది ఆయనదే. ప్రభుత్వం ఆయన్ని పిలిచి డబ్లిన్‌లో నమూనా సూప్ కిచెన్ పెట్టించింది. రాయల్ బ్యారక్స్ ఎదుట మైదానంలో చెక్క కొట్టాం వేశారు. గంట కొడితే వందమంది లోపలికి రావాలి. బల్లల మీద గిన్నెలు, గిన్నెలకి గొలుసుతో కట్టిన చెంచాలు. కొన్ని నిమిషాల్లో తాగి, చేతికిచ్చిన రొట్టె పట్టుకుని బయటికి పోవాలి. గిన్నెలు తుడిచి మళ్ళీ గంట. సోయర్ రాసుకున్న ఒక వంటకంలో ఎనిమిది తొమ్మిది లీటర్ల నీళ్ళకి పావు పౌను గొడ్డుమాంసం. లోపలికేం బలం వెళ్తుందని లాన్సెట్ వైద్య పత్రిక అప్పుడే అడిగింది. సోయర్ జవాబు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ప్రభువులు, పార్లమెంటు సభ్యులు, కొందరు దొరసానులు తన సూప్ రుచి చూశారట, చాలా బాగుందన్నారట.

ఇంకా ఉంది. ప్రారంభం రోజున పేదలు తింటుంటే చూడ్డానికి టికెట్ పెట్టారు. ఐదు షిల్లింగులు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టినవాడికి దాదాపు వారం కూలి అది. జూలో జంతువుల మేత చూడ్డానికి ఆరు పెన్నీలే కదా అని డబ్లిన్ పత్రిక ఒకటి ఎత్తిపొడిచింది. వసూలైన డబ్బు దానధర్మాలకే ఇచ్చారని చెప్తారు. ఆ మాట చెప్తే సర్దుకుపోతుందనుకున్నారేమో.

నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ సూప్ కిచెన్లు లేకపోతే ఇంకా ఎక్కువమంది పోయేవాళ్ళు. 1847 వేసవిలో దేశమంతా కలిపి రోజుకి ముప్ఫై లక్షలమంది వాటి మీదే బతికారు, వాటిని ఆ ఏడే మూసేయడమే ఘోరం. కాబట్టి సోయర్ దుర్మార్గుడని నేననను. ప్రభువులు రుచి చూడటం కూడా తప్పనిపించదు. వంట చేసినవాడు ఎవరిచేతైనా రుచి చూపించుకుంటాడు. నన్ను పట్టుకున్నది వేరే. ఆ సూప్ బాగుందో లేదో చెప్పడానికి, దాన్ని తాగి బతకాల్సినవాళ్ళని తప్ప అందర్నీ పిలిచారు. ఆకలి రుచెరుగదన్న మాటని అక్కడ సామెతగా కాదు, చట్టంలా వాడారు. నీకు ఆకలి కాబట్టి నీకు రుచి తెలీదు, నీ తరఫున మేం రుచి చూస్తాం.

ఈ మాట మనకి కొత్తా? 1877లో, ధాతు కరువులో రాయలసీమ జనం పిట్టల్లా రాలిపోతుంటే, కూలికి రోజుకి ఒక పౌను గింజలు సరిపోతాయని రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. సరిపోతుందో లేదో తిన్నవాణ్ణి అడగలేదు. కరువుల దాకా వెళ్ళక్కర్లేదు. సంక్షేమ హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉందని పిల్లలు కంచాలు పట్టుకుని రోడ్డెక్కితే, ఊరికే పెట్టేదానికి రుచులు కూడానా అని గొణిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. రేషన్ బియ్యం ముద్దవుతున్నాయని ఎవరైనా అమ్ముకుంటే, ఆకలి లేదనడానికి అదే సాక్ష్యం. పేదవాడికి తిండి పెట్టాలని ఒప్పుకునేవాళ్ళు చాలామంది. పేదవాడు ఆ తిండికి వంక పెట్టొచ్చని ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది?

అందుకే ఐర్లండ్‌లో మంచి భోజనం ముందు తలవంచుకుని అపరాధభావంతో కూర్చోవాలన్న వాదన నాకు నచ్చదు. అదీ ఒక రకం ఐదు షిల్లింగుల టికెట్టే. చనిపోయినవాళ్ళ ఆకలిని మన మనసు శుద్ధికి వాడుకోవడం. పైగా ఆ దేశంలో రుచి గురించి మాట్లాడగలగడమే పోరాడి తెచ్చుకున్నది. ఐరిష్ వంటంటే ఉడకబెట్టిన దుంప తప్ప ఏముందని ఊరంతా నవ్వే కాలంలో, 1964లో, మర్టిల్ ఆలెన్ కార్క్ జిల్లా షానగారీ పల్లెలో తమ పాత ఇంటి భోజనాల గదినే రెస్టారెంట్ చేసేసింది. బాలీమలూ. ఆ పూట తోటలో, దగ్గరి రేవులో, పక్క రైతుల దగ్గర ఏం దొరికితే దాన్నిబట్టే మెనూ. 1975లో మిషెలిన్ స్టార్ వచ్చింది. మా నేలమీద పండింది కూడా పిలిచి పెట్టదగ్గదే అనడం కరువు చూసిన జాతికి చిన్న మాట కాదు. ఐరిష్‌లో బ్లాస్ అంటే రుచి. ఆ భాష చక్కటి ఉచ్చారణతో మాట్లాడేవాళ్ళకి బ్లాస్ ఉందంటారు. రుచీ యాసా ఒకే మాట. పోగొట్టుకున్నవీ ఆ రెండే.

మరి నాలుక పదునెక్కితే మనసూ పదునెక్కుతుందా అంటే, ఎక్కొచ్చు, కానీ దానంతటది ఎక్కదు. ఇప్పుడు మంచి రెస్టారెంట్ మెనూ చూడండి. గొర్రె ఏ కొండమీద మేసిందో, వెన్న ఏ కుటుంబం చిలికిందో పేర్లతో సహా ఉంటాయి. ఇది మెచ్చుకోవాల్సిందే. పేరు తెలిశాక మాంసం వస్తువు కాదు. కానీ ఆ పేర్లు పొలం దగ్గర మొదలై వంటగది తలుపు దగ్గర ఆగిపోతాయి. ఆ తలుపు వెనక చేతికి గ్లవ్స్ వేసుకుని ప్లేట్లు కడిగేది, వారానికి ఇరవై గంటలే పనిచెయ్యాలన్న వీసా మీద ఉన్న విద్యార్థి కావచ్చు. బ్రెజిల్ కావచ్చు, నిజామాబాద్ కావచ్చు. కార్డు మీద ఇచ్చిన టిప్పులు పనివాళ్ళకే చేరాలని చట్టం అమల్లోకి వచ్చింది 2022 డిసెంబర్‌లో. అంతదాకా దీనికి చట్టం లేదు. పీపా అడుగున తాళంచెవిని పసిగట్టిన నాలుకలకి ఈ ఇనుము తగల్లేదు.

అంతకంటే గట్టి ఉదాహరణ ఒకటుంది. అసైలం కోరి వచ్చినవాళ్ళ కోసం 2000లో ఐర్లండ్ డైరెక్ట్ ప్రొవిజన్ అనే ఏర్పాటు తెచ్చింది. పడక ఉంది, మూడు పూటలా తిండి ఉంది, పెద్దవాళ్ళకి వారానికి 19.10 యూరోలు. 2017 దాకా ఆ అంకె కదల్లేదు. చాలా కేంద్రాల్లో వండుకోడానికి వీల్లేదు. కేసు తేలేవరకు, అంటే కొందరికి ఏళ్ళ తరబడి, క్యాంటీన్ వాళ్ళు పెట్టిందే, వాళ్ళు పెట్టిన వేళకే. అక్కడ పుట్టిన పిల్లలు అమ్మ వంట చెయ్యగా చూడకుండా పెరిగారు. ఎవరూ ఆకలితో చనిపోలేదు. కానీ అక్కడివాళ్ళు గట్టిగా అడిగినవాటిలో స్టవ్ ఒకటి. ఆహార పండగలు ఊరూరా జరుగుతున్న ఆ ఏళ్ళల్లోనే, ఆ ఊళ్ళ శివార్లలోనే ఇది జరిగింది. గంటా లేదు, గొలుసు చెంచా లేదు, చూడ్డానికి టికెట్ కూడా లేదు.

2015లో ప్రభుత్వం వేసిన కమిటీ కూడా వాళ్ళని వండుకోనివ్వమనే చెప్పింది. తర్వాత కొన్ని కేంద్రాల్లో వంటగదులు వచ్చాయి, లోపలే చిన్న దుకాణం పెట్టారు. డబ్బు బదులు పాయింట్లు. వాటితో బియ్యం, నూనె, మసాలాలు, కూరగాయలు ఎవరికి కావల్సినవి వాళ్ళు తీసుకోవచ్చు. గొప్ప ఏర్పాటేం కాదు, పాయింట్లు ఎప్పుడూ చాలవు. కానీ ఆ దుకాణంలో ఒకామె బెండకాయ చేతిలోకి తీసుకుని, కొస విరిచి చూసి, ముదిరిపోయిందని పక్కన పెట్టేయొచ్చు.