మనకి తెలుసు అంటే ఎవరికి?

13,62,79,841 రెండ్లని ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఒక ప్రధాన సంఖ్య. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ కనిపెట్టిన ఈ సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. సెకనుకో అంకె చొప్పున, తిండీ నిద్రా మానేసి చదివినా 475 రోజులు పడుతుంది. ఎవరూ చదవరు. అయినా అది ప్రధాన సంఖ్యేనని 'మనకి తెలుసు' అంటాం.

దాని చివరి అంకె సంగతి వేరు. రెండు ఘాతాలు వంతులవారీగా 2, 4, 8, 6లతో ముగుస్తాయి. 13,62,79,841ని నాలుగుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కాబట్టి మన ఘాతం 2తో ముగుస్తుంది. ఒకటి తీస్తే 1. టీ చల్లారేలోపు ఎవరికి వాళ్ళు తేల్చుకోవచ్చు. ఇది నాకు తెలుసు అని ధైర్యంగా అనగలను.

ప్రధానమా కాదా అన్నది అలా తేలదు. పరీక్ష చెప్పడానికి చిన్నదే. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఆ శేషంతో మళ్ళీ అదే పని. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధానం. మూడు రెండ్లతో వచ్చే 7కైతే ఒక్కసారి చాలు: 16లోంచి 2 పోతే 14, ఏడుతో శేషం లేకుండా పోతుంది. ఇక్కడ మాత్రం పదమూడున్నర కోట్ల సార్లకి పైనే, అదీ కోట్ల అంకెలతో. డబ్లిన్‌లో ఒక జీపీయూ 'కావచ్చు' అంది, మర్నాడు శాన్ ఆంటోనియోలో ఇంకోటి 'అవును' అంది.

67 రెండ్ల లబ్ధంలోంచి ఒకటి తీస్తే ప్రధానమే వస్తుందని 1644లో మెర్సెన్ అన్నాడు. కాదని 1876లో ఎడ్వార్ లూకా రుజువు చేశాడు, ఒక్క కారణాంకం కూడా చూపకుండానే. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశంలో 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించి చూపించాడు. నోరు విప్పకుండా బోర్డు మీద లెక్క చేసి కూర్చున్నాడనీ, హాలంతా చప్పట్లు కొట్టిందనీ చెప్తారు. (కథకి కాస్త మసాలా పడే ఉంటుంది.)

ప్రధానం కాదని 27 ఏళ్ళ ముందే తేలిపోయింది కదా, మరి చప్పట్లెందుకు? నాకైతే న్యాయమే అనిపిస్తుంది. లూకా తీర్పు చెప్పాడు. కోల్ ఆ తీర్పుని తిరగదోడే హక్కు హాల్లో ఉన్న అందరి చేతుల్లో పెట్టాడు. గుణకారం వస్తే చాలు.

మన పెద్ద సంఖ్యకి అలాంటి బోర్డు లేదు. పరీక్ష మొత్తం మళ్ళీ నడపాలి. "అయితే ఇదీ నమ్మకమేగా, దేవుణ్ణి నమ్మినట్టు" అనే స్నేహితులున్నారు. నేనొప్పుకోను. అనుమానమొస్తే నువ్వే చేసి చూసుకో అనే పిలుపు ఇందులో ఉంది. వేరే ప్రోగ్రాములతో, వేరే యంత్రాల మీద దీన్ని మళ్ళీ మళ్ళీ సరిచూశారు కూడా.

నా ఇబ్బంది వేరే చోట. 1996 నుంచి ఈ వేట నడిపిస్తున్న గింప్స్ వాళ్ళ ప్రోగ్రామ్ ఉచితమే. 2018 దాకా వాళ్ళకి దొరికినవన్నీ మామూలు పీసీల మీద దొరికినవే. డ్యురాంట్ మాత్రం 17 దేశాల్లోని డేటా సెంటర్ల జీపీయూలని పనిలో పెట్టాడు. పిలుపు ఇప్పటికీ అందరికీ ఉంది, సరే. ఇంతకంటే పెద్దది దొరికిన రోజున, సొంత ఖర్చుతో సరిచూసుకోగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు?