పిల్లల దేహానికీ హక్కుంది

పరీక్షలు దగ్గర పడితే మన ఇళ్ళలో మొట్టమొదట ఆగిపోయేది పిల్లల ఆట. బడి నుంచి రాగానే ట్యూషను, ఆ తర్వాత అరబీ పాఠం, రాత్రి హోంవర్కు. ఇదంతా వారి మేలు కోరి చేస్తున్నదే. అయితే ఈ తొందరలో వారి హక్కు ఒకటి మన చేతుల మీదుగానే పోతోందేమో ఆలోచించామా?

మన కోనసీమనే చూడండి. కాలువ గట్ల వెంట నడిచి బడికి వెళ్ళిన తరం మనది. నేడు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఎందరో పిల్లలకు ఇంటి ముందుకే ఆటో వస్తోంది. నడక ఎలాగూ తగ్గింది. ఆట కూడా మాన్పిస్తే ఇక మిగిలేదేమిటి?

ముందుగా మార్కుల సంగతి చూద్దాం. 2009లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిది, పదేళ్ళ పిల్లలు 20 మందిని పరీక్షించారు. ఊరికే కూర్చున్న రోజు కంటే 20 నిమిషాలు నడిచిన రోజున వారి ఏకాగ్రత, చదివింది గ్రహించే శక్తి మెరుగ్గా కనిపించాయి. 2010లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 50 పరిశోధనలను సమీక్షించింది. దాదాపు సగం ఫలితాల్లో వ్యాయామం చదువుకు మేలు చేసింది. మిగిలిన వాటిలో చాలావరకు తేడా ఏమీ లేదు. నష్టం కనిపించినవి నూటికి రెండు కూడా లేవు. అంటే ఆట మార్కులు కురిపించే మంత్రం కాదు, మార్కులకు శత్రువూ కాదు.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. మార్కులు పెరగకపోతే ఆట మాన్పించవచ్చా? అమలాపురంలో పుట్టిన సాత్విక్ సాయిరాజ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిస్తే అందరం పొంగిపోయాం. మన పిల్లవాడు బ్యాటు పట్టుకుంటే మాత్రం "దీనివల్ల ఏం వస్తుంది?" అంటాం. ఏదో వస్తేనే ఇచ్చేది బేరం అవుతుంది గాని హక్కు కాదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు చేస్తున్నారని తెలిసి దైవప్రవక్త (స) వారించారు. ఆయన దేహానికీ, కళ్ళకూ ఆయనపై హక్కు ఉందని గుర్తు చేశారు. ఆరాధన కోసమే దేహం హక్కును కాజేయకూడదంటే, ర్యాంకుల కోసం కాజేయవచ్చా?

ఈ హక్కు ఆడపిల్లలకూ ఉంది. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి మనకు తెలిసిందే. అయినా కాస్త ఎదగగానే మన అమ్మాయిల ఆట గడప లోపలే ముగిసిపోతోంది. పెరట్లో తాడాట, స్నేహితురాళ్ళతో షటిల్, తల్లితో కలిసి నడక - ఏదో ఒక దారి చూపించాల్సిన బాధ్యత మనదే.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య సమయాన్ని ఆటకు వదిలేద్దాం. ట్యూషనునూ అరబీ పాఠాన్నీ దానికి తగ్గట్టు సర్దుకుందాం.

పిల్లలు మన చేతుల్లోని అమానతు. ఆ అమానతును సక్రమంగా కాపాడే భాగ్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.