అట్టపెట్టెలో అపరిగ్రహం

అవసరానికి మించి కూడబెట్టకపోవడమే అపరిగ్రహం. దాన్ని పతంజలి అయిదు యమాల్లో ఒకటిగా చెప్పాడు. జైనులకది మహావ్రతం. గాంధీ దాన్ని ఆశ్రమ వ్రతాల్లో చేర్చాడు. ఈ నిగ్రహమంతా మనసుకు సంబంధించిందనే అనుకుంటాం. కానీ ఎంత కూడబెట్టాలన్నది చాలాసార్లు మన చేతిలోని పనిముట్టే తేల్చేస్తుంది. అట్టపెట్టెల తయారీనే చూడండి. పాత పద్ధతిలో ప్రతి ఆకారానికీ ముందు డై చేయించాలి. ప్లైవుడ్ పలకలో సన్నటి గాళ్లు కోసి, స్టీలు పట్టీలు వంచి వాటిలో దిగ్గొడతారు. కోతకు పదునుపట్టీ, మడతకు మొద్దుపట్టీ. కోసిన అట్ట డైకి పట్టేయకుండా పక్కన రబ్బరు ముక్కలు అంటిస్తారు. తర్వాత మిషనుకు బిగించి ఒత్తిడి సరిచూసుకోవాలి. వంద పెట్టెలకైనా లక్ష పెట్టెలకైనా ఈ శ్రమ ఒకటే. అందుకే గిట్టుబాటు కోసం వేలల్లో ఆర్డరు అడుగుతారు.

డిజిటల్ యంత్రానికి డైతో పనిలేదు. కంప్యూటర్లో గీసిన బొమ్మ ప్రకారం కత్తి కోస్తుంది, చిన్న చక్రం మడత గీత నొక్కుతుంది. 2012లో జర్మనీలో జరిగిన ద్రుపా ముద్రణ ప్రదర్శనలో ఇజ్రాయెల్ సంస్థ హైకాన్ చూపిన యూక్లిడ్ యంత్రం కత్తికి బదులు లేజరుతో కోసింది. మడతల కోసం పాలిమరు గీతలు తనే గీసి గట్టిపరుచుకుంది. రోజులు పట్టే ముందస్తు పని నిమిషాల్లోకి వచ్చింది. అయితే ఒకసారి పని మొదలయ్యాక గంటకు ఎక్కువ షీట్లు కోసేది పాత డై మిషనే. లక్ష పెట్టెలు కావాలంటే ఇప్పటికీ దానిదే గెలుపు. కొత్త యంత్రం వేగం 'నాకు మూడొందలు చాలు' అన్నవాడికి అక్కరకొచ్చే వేగం. నా దృష్టిలో దాని అసలు గుణం ఇదే.

అండమాన్ దీవుల్లో ఈ గుణానికి విలువ ఎక్కువ. 2011 జనగణన ప్రకారం అక్కడ దాదాపు ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగు. విశాఖ నుంచి గానీ చెన్నై నుంచి గానీ సరుకు ఓడలో రెండు మూడు రోజులు సముద్రం దాటి రావాలి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది, బూజు పడుతుంది. కొబ్బరినూనె, మసాలా దినుసులు అమ్ముకునే చిన్న వ్యాపారి వేలల్లో పెట్టెలు తెప్పిస్తే వాడినవాటితో పాటు పాడైనవీ చెత్తలోకే పోతాయి. దీవిలో చెత్తకు చోటు తక్కువ.

పని సులువైతే కోరిక పెరుగుతుందనీ, చిన్న వస్తువుకూ పెట్టె తొడుగుతారనీ ఒక అభ్యంతరం. ఇది నిజమైన భయమే. యంత్రం ఎవరికీ వైరాగ్యం నేర్పదు. అయినా, తక్కువతో సరిపెట్టుకోవాలనుకున్నవాడిని సైతం ఎక్కువ కొనమని బలవంతపెట్టింది పాత పద్ధతి. ఆ బలవంతం పోతేనే నిగ్రహం అతని ఇష్టానికి వస్తుంది. ఎంచుకునే వీలు లేనిచోట వ్రతానికి అర్థమేముంది? డై చేసేవాళ్ల బతుకు మాటేమిటన్న ప్రశ్న ఇంకా బరువైనది. పెద్ద ఆర్డర్లున్నంత కాలం వాళ్ల పని ఉంటుంది. కానీ చిన్న పని చేజారినవాళ్లకు డిజిటల్ యంత్రం పని నేర్పాల్సిన బాధ్యత యజమానులదే. మనిషిని మరవని యంత్రాన్ని కాదనక్కర్లేదు. యంత్రాల వ్యామోహాన్ని నిరసించిన గాంధీ సైతం 1924లో సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చాడు, ప్రేమలోంచి పుట్టి మనిషి శ్రమను తగ్గించిందని.

దీవుల్లోని చిన్న వ్యాపారులు సహకార సంఘంగా కూడి ఇలాంటి డిజిటల్ కోత యంత్రం ఒకటి తెచ్చుకోవాలి. ఆర్డరుకు కనీస సంఖ్య ఉండకూడదన్న నియమాన్ని మొదటిరోజే రాసుకోవాలి.