తగనను భయము

ఉద్యోగమున క్రొత్తగా చేరినవారిని, పై పదవికి వచ్చినవారిని ఒక భయము రహస్యముగా పీడించుచుండును. “ఈ స్థానమునకు నేను తగను, ఏదో ఒక దినమున నా లోపము బయటపడును” అని మనస్సు గద్దించుచుండును. దీనిని వినయమని తలంచువారు కలరు. ఇది నిజముగా వినయమేనా?

విలియం కేరీ జీవితము ఈ విషయమున ఆలోచింపదగినది. ఇంగ్లండులో చెప్పులు కుట్టు పని నేర్చిన ఈ మిషనరీ 1793లో బంగాళమునకు వచ్చెను. 1801లో కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బంగాళీ బోధించుటకు పిలుపు రాగా ఆయన వెనుదీసెను. కళాశాల పద్ధతులను తానెన్నడు ఎరుగనని దాచక తెలిపెను. అయినను ఆ భయముతోనే కూర్చుండలేదు. బోధనకు తగిన పుస్తకములు లేకపోగా, ఆ సంవత్సరమే బంగాళీ వ్యాకరణమును ప్రచురించెను. తన క్రింద నియమింపబడిన మృత్యుంజయ విద్యాలంకారుని వంటి పండితులయొద్ద తానే నేర్చుకొనెను. దాదాపు 30 సంవత్సరములు అచ్చట బోధించెను. 1814లో శ్రీరాంపురమునుండి ఆయన తెలుగు వ్యాకరణమును వెలువడెను.

“నేను తగను” అను మాటకు అంతు లేదు. అది మనలను మన చుట్టే త్రిప్పుచుండును. “ఈ లెక్కల పద్ధతి నాకు తెలియదు” అను మాటకు అంతు కలదు. అది మనలను నేర్పువాని యొద్దకు నడిపించును. కొరత కలిగియుండుట మోసము కాదు. దానిని కప్పిపుచ్చుటయే మోసమునకు ఆరంభము. క్రొత్త యంత్రమును వాడ తెలియని నర్సు సిగ్గుపడి అడుగక ఊరకున్నచో, నష్టపోవునది రోగియే గదా! కావున నేర్చుకొనుట మన క్షేమము కొరకు మాత్రమే కాదు, పొరుగువాని యెడల మన ధర్మము.

నిర్గమకాండములోని బెసలేలునకు దేవుడు పనిలో నేర్పును మాత్రమే గాక, ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ అనుగ్రహించెను. నేర్పువాడు దేవుని వరమైనచో నేర్చుకొనుట అవమానమెట్లగును?

ఎంత నేర్చినను తెలియనిది మిగులును; భయమును మరల రావచ్చును. అప్పుడు ఈ భేదమును మరువరాదు: దేవుని యెదుట మన అంగీకారము కృపవలన కలిగినది, పనిలో నేర్పు అభ్యాసమువలన కలుగును. ఈ రెంటిని కలిపివేయుటయే మన కలవరమునకు మూలము. కృపయందు స్థిరపడినవాడు “నాకు తెలియదు” అని వణకక చెప్పగలడు. మరునాడు పుస్తకము తెరువగలడు. అట్టి ధైర్యమును, శ్రద్ధను ప్రభువు మనకు దయచేయును గాక!