తవ్విన చోట ఆసరా నిలుపుదము

ధ్యాన భాగములు: నిర్గమకాండము 17:8–13, గలతీయులకు 6:2



మీలో అనేకులు కోలారు బంగారు గనుల ప్రాంతమునుండి వచ్చినవారే. మారికుప్పం, ఊరుగాం, ఆండర్సన్‌పేట అను పేర్లు వినగానే మీ మనస్సు అక్కడికి పోవునని నాకు తెలుసు. నేనును మైనర్స్ లైన్లలో పుట్టినవాడనే. మా నాన్నగారు భూగర్భములో ఆసరాలు కట్టే గ్యాంగులో పనిచేసేవారు.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే వరకు అక్కడ రాయిని తవ్వుతూనే ఉన్నారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. బంగారమును గూర్చి అందరూ చెప్పుదురు. బంగారము తీసిన తరువాత మిగిలిన ఖాళీని గూర్చి చెప్పేవారు తక్కువ.

బంగారమున్న పలుగురాయి అక్కడ పలుచని పొరగా, ఇంచుమించు నిలువుగా భూమిలోనికి దిగి ఉంటుంది. ఆ పొరను తీసివేస్తే రెండు రాతి గోడల మధ్య సందు మిగులుతుంది. అంతవరకు ఆ పొర మోసిన బరువు ఏమవుతుంది? మాయము కాదు, ప్రక్కనున్న రాతిమీదికి జరుగుతుంది. అందుచేత తవ్విన చోట మొదట దుంగలు నిలిపారు. తరువాత గ్రానైట్ రాళ్ళు పేర్చి గోడలు కట్టారు. ఆ తరువాత కాంక్రీటుతో నింపారు. మా నాన్నగారు అనేవారు: “రాయి పేర్చితే చాలదురా, గోడకు ఆనాలి. వేలెడు సందు ఉన్నా అది ఆసరా కాదు.”

ఇంకొక సంగతి. చుట్టూ తవ్వి నడుమ విడిచిన రాతి స్తంభముమీద అందరి బరువూ పడుతుంది. మెత్తని రాయి నలిగి, కొంత వంగి, బరువును వదులుకొంటుంది. గట్టి రాయి వంగదు. లోలోపల దాచుకొంటుంది. ఒక దినమున తుపాకి ప్రేలినట్లు పగిలిపోతుంది. దానినే రాక్ బరస్ట్ అనేవారు. ఆ అదురు పైనున్న ఇండ్లకు కూడ తెలిసేది. తల్లులు, భార్యలు షాఫ్టు వైపు పరుగెత్తేవారు. పగిలేది బలహీనమైన రాయి కాదు, బలమైన రాయి. ఈ మాట మరువకుడి.

గనులు మూతపడిన తరువాత నేను బెంగుళూరుకు, అక్కడనుండి ఇంకను దూరమునకు వెళ్ళితిని. మా అమ్మను అక్క చూచుకొనేది. నేను నెలనెలా డబ్బు పంపేవాణ్ణి. “మా అక్క చాలా గట్టిది” అని సంఘములో సాక్ష్యము కూడ చెప్పితిని. అక్క ఏనాడూ నొచ్చుకొని మాట్లాడలేదు. ఒక రాత్రి వంటింట్లో పడిపోయింది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకొని అన్నది: “డబ్బు పంపావు తమ్ముడూ. నిద్రపోతున్నావా అక్కా అని ఒక్కసారైనా అడిగావా?” నాన్నగారు చెప్పిన వేలెడు సందు అప్పుడు నాకు కనబడింది. నేను పేర్చిన రాయి ఆమెకు ఆనలేదు.

రెఫీదీములో మోషేను చూడుడి. ఆయన బలహీనుడు కాడు. అయినను చేతులు బరువెక్కెను. అహరోను, హూరు ఆయనను మందలింపలేదు, విశ్వాసము చాలదని అనలేదు. మొదట ఆయన కూర్చుండుటకు ఒక రాయి తెచ్చిరి. తరువాత చెరియొక ప్రక్క నిలిచి చేతులను ఆదుకొనిరి. ఒక్క ఘడియ కాదు, ప్రొద్దు గ్రుంకు వరకు! భారములు పంచుకొనుటను క్రీస్తు నియమముతో ముడిపెట్టి పౌలు గలతీయులకు బోధించినది ఇందుకే.

ప్రియులారా, వలస వచ్చిన మనలో ప్రతివాడును ఒక ఇంటినుండి, ఒక సంఘమునుండి తీయబడిన రాయి. బ్రదుకు తెరువు కొరకు వచ్చుట పాపము కాదు. ఖాళీ చేసిన చోటును మరచిపోవుట పాపము. చీకటితో రైలెక్కి బెంగుళూరుకు పోయి రాత్రికి ఇల్లు చేరే మన సహోదరుల ఇండ్లలో కూడ ఆ ఖాళీ ఉన్నది. మీరు మోసిన బరువు ఇప్పుడు ఎవరిమీద ఉన్నది? వదినమీదనా? చెల్లెలిమీదనా? ఒంటరిగా సంఘమును నడిపించుచున్న ఆ పెద్దమీదనా?

ఈ వారమే ఫోను చేయుడి. డబ్బు అందినదా అని కాదు, నిద్ర పట్టుచున్నదా, ప్రక్కన ఎవరున్నారు అని అడుగుడి. రాత్రి తోడుండుటకు ఒక మనిషిని కుదుర్చుడి. వంతులవారీగా వెళ్ళి వారికి విశ్రాంతి ఇయ్యుడి. మోయుచున్నవారలారా, మీరును పగులువరకు దాచుకొనకుడి. మోషేయే రాతిమీద కూర్చుండెను, మీకు సిగ్గెందుకు?

దేవుని కృపవలన అక్క కోలుకొన్నది. ఏటా రెండు నెలలు అమ్మ దగ్గర నేనుంటున్నాను. ఆ రెండు నెలలు అక్క తన కూతురింట హాయిగా నిద్రపోవుచున్నది.

ప్రార్థన: ప్రభువా, మేము విడిచి వచ్చిన చోట మా భారము మోయుచున్నవారిని మాకు చూపుము. వారికి ఆనుకొని నిలిచే రాళ్ళుగా మమ్మును చేయుము. ఆమెన్.