ప్రేమ కథలు చదివే బిడ్డకు

ఇచ్చోడ

బిడ్డా,

తల్లిగారింటికి వచ్చినప్పటి సంది నువ్వు రాత్రిళ్ళు ఫోన్‌ల ప్రేమ సీరియళ్ళు చదువుతున్నవని మీ అమ్మ దిగులుపడుతున్నది. "అంత పడి వచ్చినంక ఇంకా ప్రేమ కథలేంది అక్కా" అని నన్నడిగింది. చదవనియ్యమన్న. ఒక మొగడు కొట్టిండని లోకంల ప్రేమే లేదని నువ్వు అనుకోలేదంటే, నీ మనసు ఇంకా గట్టిగనే ఉన్నదన్నట్టు. అయితే ఆ కథల్ని ఏ కండ్లతోటి చదవాలెనో చెప్పడానికే ఈ ఉత్తరం.

మా వయసుల యద్దనపూడి సులోచనారాణి నవల 'సెక్రటరీ' ఇల్లిల్లూ తిరిగేది. అందుల నాయకుడు రాజశేఖరం డాబు, కారు, కోపం గురించి ఆడపిల్లలు ముచ్చట్లు చెప్పుకునేటోళ్ళు. నాయిక జయంతి ఆత్మాభిమానం గురించి మాట్లాడినోళ్ళు తక్కువ. కోపం వెనుక ప్రేమ దాగి ఉంటదనే నమ్మకం అట్లనే చానా ఇండ్లల్ల నిలిచిపోయింది. ఇప్పటి సీరియళ్ళల్ల సుత అదే కనపడుతది. మొదటోడు కొట్టి వెళ్ళగొడతడు, రెండోవాడొచ్చి కాపాడుతడు. నాలుగు భాగాలు గడవంగనే ఆ రెండోవాడే చెయ్యి గట్టిగ పట్టుకొని గుంజుతడు, ఎవరితోటి మాట్లాడినవని నిలదీస్తడు, ఫోన్ లాక్కుంటడు. రాసినోళ్ళు దాన్ని ప్రేమ అంటరు. అక్కడ నువ్వు ఆగు. నీ మొదటి కాపురంల సుత దెబ్బలకంటె ముందు వచ్చినవి ఇవే గద.

మారుమనువు మన దిక్కు కొత్త ముచ్చట కాదు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిల వీరేశలింగం పంతులు గారు వితంతువుకు పెండ్లి చేయిస్తే అగ్రకులాలల్ల అల్లకల్లోలమైంది. మన గోండు గూడేలల్ల, కష్టం చేసుకునే కులాలల్ల మాత్రం మొగన్ని విడిచిన ఆడమనిషి ఇంకో ఇల్లు చూసుకునుడు ఆచారమే. 1940లల్ల మార్లవాయి గూడెంల ఉన్న మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గోండుల మీద రాసిన పుస్తకంల సుత ఈ సంగతి ఉన్నది. అది మన పెద్దల మంచితనం. కాని మన పంచాయితీలు ఇడుపు కాయితం రాసి, ఇచ్చిపుచ్చుకునే లెక్క తేల్చి లేచిపోతయి. ఆ పిల్ల లోపల ఏం పాడైందని అడిగేటోళ్ళుండరు. నీ సీరియళ్ళు సుత అంతే, గాయం మానకముందే పెండ్లి పందిరేస్తయి.

మొన్న అంగడిల నువ్వు ఆకుపచ్చ చీర చేతుల పట్టుకొని నా మొఖం చూసినవ్. పైసలు నీయే, కట్టేది నువ్వే. అయినా ఎవరో ఒకరు సరే అనాలె నీకు. దుకాణపాయన గట్టిగ మాట్లాడితే భుజాలు ముడుచుకున్నవ్. ఇది పోవాలె బిడ్డా. ఇది పోవడానికి మొగోడు మందు కాదు. నీ కష్టార్జితం నీ ఖాతల పడాలె, నీ చీర నువ్వే ఎంచుకోవాలె, నిద్రల ఉలిక్కిపడని రాత్రులు రావాలె. రంగనాయకమ్మ 'జానకి విముక్తి' దొరికితే చదువు. హింసించే మొగని ఇంట్ల నుంచి కాలు బయట పెట్టుడు ఒకటి, ఆ ఇల్లు మనసుల నుంచి పోవుడు ఇంకొకటి అని తెలుస్తది.

చట్టం సంగతి సుత మనసుల పెట్టుకో. గృహహింస నుంచి ఆడవాళ్ళను కాపాడే చట్టం 2005ల చేసిన్రు, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్ల ఉన్నది. కొట్టుడొక్కటే హింస కాదు, తిట్టి కించపరిచినా, పైసలు చేతికియ్యకుండ సతాయించినా హింసేనని అందుల ఉన్నది. నీ జోలికి రాకుండ ఆర్డరు, ఖర్చులకు పైసలు మెజిస్ట్రేటు దగ్గర అడగొచ్చు. నిన్ను కొట్టిన ఆ మొగడు మళ్ళ బెదిరిస్తే ఆడవాళ్ళ సాయం నంబరు 181కి ఫోన్ చెయ్యి. జిల్లాకొక సఖి కేంద్రం ఉన్నది, నీ ఎంట నేనొస్త. ఇజ్జత్ పోతదని మీ నాయన అంటే నాతోటి మాట్లాడుమను.

ఇగ ప్రేమ. మళ్ళ ప్రేమించడానికి నీకు నిండు హక్కున్నది, దానికి ఎవరి దయా అక్కరలేదు. కాని నీ కన్నీళ్ళు చూసి కరిగిపోయినోన్ని చూసి తొందరపడకు. జాలిపడుడు అలకటి పని. ఒకరోజు అతను రమ్మన్నప్పుడు రానని చెప్పు. అతనికి నచ్చని దోస్తుతోటి మాట్లాడు. నీ జీతం నీ దగ్గరే ఉంచుకుంట అను. అప్పుడు మొఖం మాడ్చుకోకుండ, సాధించకుండ, నాలుగు రోజులైనంక అదే లెక్క తీయకుండ ఉంటడా చూడు. మంచి నవల రాసినోళ్ళు సుత ఈ ఘట్టాన్ని దాటెయ్యరు. దాన్ని దాటేసిన పుస్తకం ఎంత తియ్యగున్నా పక్కన పెట్టు.

రేపు ఎవరన్న నచ్చితే ముందు నాకు చెప్పు. అతనికి భూమెంత, నౌకరేంది అని అడగను. నువ్వు కాదన్న రోజు అతనెట్లున్నడో అడుగుత. దానికి నువ్వు తడుముకోకుండ జవాబు చెప్తే, మీ అమ్మనాయనలను ఒప్పించే పని నాది.

నీ పెద్దమ్మ